గోడ అవతలి నెమలి

మొన్న గద్వాలలో మా మేనకోడలి ఇంటికి భోజనానికి పోతే, తిన్న కంచాలు తీయకముందే ఆమె తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు తెరిచి, ఉద్యోగం అలసట తీర్చుకోవడానికి తాను కడుతున్న కోటను చూపించింది. కొండను తొలిచి కట్టిన కోట, అందులో గడ్డాల మరుగుజ్జు మనుషులు, వాళ్ల గనులు, వంటశాలలు, ధాన్యపు కొట్లు, ఒక మూల రాతి గదిలో వరుసగా గూటి పెట్టెలు, వాటి చుట్టూ తిరిగే నెమళ్లు. నెమళ్లకు ఇప్పుడు రంగులు వచ్చాయి, తోక కూడా వచ్చింది. నేను ఎరిగిన రోజుల్లో అదే ఆటలో నెమలి అంటే నల్లటి తెర మీద కదిలే ఒక ఇంగ్లీషు అక్షరం మాత్రమే. "మామా, నీకు తెల్వదు గని, ఇవి మస్తు గుడ్లు పెడ్తయి" అని ఆమె సంబరంగా చెబుతుంటే నేను మంచినీళ్ల నెపంతో లేచి వంటింట్లోకి పోయాను. నాకు తెలియకపోవడమా! ఆ అక్షరాలను పెంచి, పొదిగించి, వాటిని నమ్ముకుని ఒక ఊరి ముందు తలవంచుకున్న మనిషిని నేను. ఆమె అప్పుడు హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, నాకు చెప్పే మొహం లేదు.

నా వయసు వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఇంట్లో కంప్యూటరు ఉండటమే గొప్ప, అది కూడా ముక్కలు ముక్కలుగా కొనుక్కొచ్చి బిగించుకున్నది, పగలు కరెంటు ఉండేది కాదు, ఉన్నా ఎప్పుడు పోతుందో తెలియక పేరా పేరాకూ ఆగి భద్రపరుచుకుంటూ టైపు చేసేవాళ్లం. వనపర్తిలో ఒక ప్రైవేటు కళాశాలలో కంప్యూటరు పాఠాలు చెప్పే కొలువులో నేను కొత్తగా చేరాను. అంతకుముందు కొన్నేళ్లు హేతువాద సంఘం పనిలోనే గడిచిపోయాయి, అందుకే కొలువు ఆలస్యమైంది. నాగర్‌కర్నూలు సంతలో చేతిలోంచి విభూతి రాల్చేవాళ్ల పక్కనే నిలబడి మేమూ విభూతి రాల్చి, ఎట్లా రాల్చామో విప్పి చూపేవాళ్లం. నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమ లేదు, నిప్పు గుణమే ఇంత అని చెప్పేవాళ్లం. చర్చ అంటే మాకు పండుగ. ఎదుటివాడి వాదాన్ని ముందు అతనికంటే బాగా నువ్వే చెప్పాలి, ఆ తరువాతే దాన్ని కూల్చాలి అని నేర్పిన పెద్దలు మాకుండేవారు. ఆ మాటలో నాకు రెండో సగమే బాగా వంటబట్టింది.

అట్లాంటి నాకు ఒక విద్యార్థి పెన్‌డ్రైవులో ఈ ఆట వేసి ఇచ్చాడు. రాక్షసులు, మంత్రగాళ్లు, పాతాళంలో భూతాలు ఉన్న ఆట, వాటి మీద కరపత్రాలు రాసే మనిషి తలుపు వేసుకుని ఆడదగిన ఆట కాదు. సంఘం మిత్రులెవరైనా వస్తే తెర ఆర్పేసి పుస్తకం తెరిచేవాణ్ని. కానీ ఆ ఆటలో నన్ను పట్టుకున్నది రాక్షసులు కాదు, నెమళ్లు. కోట కట్టడానికి బయలుదేరే మొదటి బండితోపాటే ఒక మగ నెమలిని, కొన్ని ఆడ నెమళ్లను తోలుకుపోవచ్చు. మేకలు పచ్చిక లేకపోతే చచ్చిపోతాయి, నెమళ్లకు ఆ బాధ లేదు, కొండ లోపలి చీకటి గదిలో కూడా చల్లగా బతుకుతాయి. రాయితోనో కర్రతోనో గూటి పెట్టె చేసిపెడితే ఆడ నెమలి వచ్చి దాన్ని తన సొంతం చేసుకుని గుడ్లు పెడుతుంది. వెంటనే తలుపు మూసేయాలి, లేకపోతే వంటవాళ్లు వచ్చి గుడ్లన్నీ ఎత్తుకుపోతారు. మూసి కొంతకాలం ఓపిక పడితే పెట్టె చుట్టూ చిన్న చిన్న అక్షరాలు పుట్టుకొచ్చి తల్లి వెంట తిరుగుతాయి. మరీ ఎక్కువైనప్పుడు కొన్నింటిని కోయించి కూర వండించేవాణ్ని. బయట చేస్తే జైలుకు పోయే పని అది, లోపల మాత్రం నా మరుగుజ్జులు లొట్టలు వేసుకుంటూ తినేవారు.

ఆ ఆటలో ఏదీ ఊరికే జరగదు. నీళ్లకు ఒత్తిడి ఉంది, రాయికి బరువు ఉంది, దెబ్బ తిన్న మరుగుజ్జుకు ఏ వేలు తెగిందో కూడా లెక్క ఉంది. కారణం లేని కార్యం లేదని గొంతు చించుకుని చెప్పుకు తిరిగిన నాకు, నా మతాన్ని ఎవరో ఒక లోకంగా కట్టి చేతికిచ్చినట్టు అనిపించింది. మతం అన్న మాట తెలిసే వాడుతున్నాను.

ఆ మేనకోడలి తల్లిని, అంటే మా అక్కను, ధరూరు వైపు ఒక ఊరికిచ్చారు. ఇంటికి పెద్దది కావడంతో ఆమె బడి మొహం చూడలేదు, నేను పలక పట్టుకుని పోతుంటే ఆమె కొడవలి పట్టుకుని పోయేది. నలభై దాటిన తరువాత ఆమెకు చదువు నేర్చుకోవాలని పుట్టింది. ఆ ఊరి కమ్యూనిటీ హాలుకు ఆనుకుని ఒక చిన్న గది ఉండేది, ఒకప్పుడు ఎరువు బస్తాలు వేసేవారట, ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోలేదు. పంచాయతీ వాళ్లను బతిమాలి ఆ గది తీసుకుని, గోడకు నల్లరంగు పూసి, మా సంఘం పుస్తకాలు కొన్ని పెట్టి, ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్లకు అక్షరాలు చెప్పేవాణ్ని. కూలికి పోయే ఇళ్ల ఆడవాళ్లే అందరూ. చర్చిలో ప్రార్థన ముగించుకుని తెల్లచీరలతో కొందరు, వారమంతటి బట్టలు ఉతికి తడి చేతులతో కొందరు వచ్చి ఒకే చాప మీద కూర్చునేవారు. మా అక్క అందరికంటే ముందు వచ్చి చీపురు పట్టేది. అ, ఆలు దాటి గుణింతాలలోకి వచ్చి, చిన్న చిన్న మాటలు వేలు పెట్టి చదువుతున్నది.

మా బావ ఆ ఊరి భజన మండలికి పెద్ద. మంచి గొంతు, పురాణం చెబుతుంటే పిల్లలు కూడా కదలరు. ఆయనకూ ఆ గది కావాలి, హార్మోనియం, మైకు, డోళ్లు వానకు తడవకుండా పెట్టుకోవడానికి. బావ, బామ్మర్దుల మధ్య అది చాలా రోజులు వేళాకోళంగానే నడిచింది. గొడవకు దారి తీసింది నెమలి. ఒక ఆదివారం 'న' గుణింతం చెబుతూ 'నె' దగ్గర నెమలి బొమ్మ వేసి, మాటల్లో మాటగా, మగ నెమలి కన్నీళ్లు తాగి ఆడ నెమలికి గర్భం వస్తుందనేది వట్టి అబద్ధం, అన్ని పక్షుల లాగే అవీ జతకడతాయి అన్నాను. కొందరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. పొద్దు గూకేలోపు ఆ మాట బావ చెవిన పడింది. ఆయనకు నెమలి అంటే బ్రహ్మచారి, అందుకే దాని పింఛం దేవుడి తల మీదికి ఎక్కిందని ఆయన పురాణంలో ఒక ఘట్టమే ఉండేది.

ఇప్పటికీ ఆ నమ్మకం గుర్తొస్తే నా రక్తం మరుగుతుంది. ఆడా మగా కలయిక మలినమని ముందే తీర్పు చెప్పుకున్న మనసు, అందమైనదాన్ని చూసి, ఇది మలినమైన దారిలో పుట్టి ఉండదని తేల్చేసింది. ఆ మాటకు దెబ్బతినేది నెమలి కాదు. పిల్లలను కని, వాళ్ల కోసం ఒళ్లు హూనం చేసుకుని, ఆ కన్న పాపానికి తాము పక్షి కంటే తక్కువవాళ్లమని లోలోపల నమ్మే ఆ చాప మీది ఆడవాళ్లు. ఆ కోపం తప్పని నేను ఇవాళ కూడా అనను. ఆ కోపంతో నేను పట్టుకున్న ఆయుధమే నా సిగ్గు.

పక్షుల పుస్తకం తెచ్చి చూపిస్తే బావ నవ్వాడు. "పుస్తకం నా దగ్గర గూడ ఉన్నది బామ్మర్దీ. నీ పుస్తకంల ఒకటున్నది, నా పుస్తకంల ఒకటున్నది. కండ్లకు చూపియ్యి, హాలు పక్క అర్ర నీదే. మా సామానంత తీసుకపోయి నా గొడ్ల కొట్టంల పెట్టుకుంట. చూపకపోతే మాత్రం నీ పలకలు సదురుకో." పంచాయతీ పెద్దలకు రోజూ ఈ పంచాయితీ వినే ఓపిక లేక, సరే, ఊరంతా కూర్చున్నాక చేతులెత్తించి తేల్చుదాం అన్నారు. నెమలిని పట్టి తేవడానికి చట్టం ఒప్పుకోదు. వేరుశనగ చేలల్లో తిరిగేవి మన పిలుపుకు వచ్చి సభలో జతకట్టవు. అప్పుడు తట్టింది నాకు ఆ ఆట. కంప్యూటరులో ప్రయోగం చేసి చూపిస్తానంటే బావ సరేనన్నాడు. ఆ రాత్రి గర్వంతో నాకు నిద్ర పట్టలేదు.

పథకం నిజానికి మంచిదే, ఏ విజ్ఞాన శాస్త్రం మాస్టారైనా మెచ్చుకునేది. రెండు రాతి గదులు. ఒకదాంట్లో ఆడ నెమళ్లు, మగ నెమలి కలిసి. రెండోదాంట్లో ఆడ నెమళ్లు మాత్రమే, మధ్యలో గోడ, సందు లేకుండా కట్టిన గోడ. మొదటి గదిలో పిల్లలవుతాయి, రెండో గదిలో గుడ్లు గుడ్లుగానే ఉంటాయి. ముందుగా ఒకసారి చేసి చూసుకోవాలని నాకు తోచలేదు. తెలిసిన సంగతిని పరీక్షించడం ఎందుకు?

ఆ ఆదివారం కళాశాల ప్రొజెక్టరు, బ్యాటరీ ఒకటి, నా కంప్యూటరు జీపులో వేసుకుని పోయాను. హాలు కిటికీలకు గోనె సంచులు కట్టారు. తెరకు గుడ్డ లేకపోతే మా బావ తన ఉతికిన పంచె తెచ్చి తానే గోడకు మేకులు కొట్టాడు. "నా పంచె మీదనే నన్ను ఓడిస్తవా?" అని ఆయన అంటే హాలంతా నవ్వింది. తెర వెలిగింది.

"యాడున్నది సారూ నెమిలి?"

"అదిగో, ఆ అక్షరం."

"అదా? అది ఈగ లెక్కున్నది గద."

"ఈగ గాదు, సారు నెమిలంటే నెమిలే. చెప్పింది ఇను."

నేను ఓపికగా గదులు, గోడ, గూటి పెట్టెలు చూపించి, ఏం జరగబోతుందో ముందే చెప్పి, ఇద్దరు పెద్దమనుషులను పిలిచి రెండో గదిలో మగ నెమలి లేదని వాళ్ల నోటితోనే ఒప్పించాను. ఆటలో కాలం వేగంగా నడుస్తుంది, ఒక ఋతువు గడవాలంటే జనం చాయ్ తాగి వచ్చేంత సేపు చాలు. జనం తిరిగి వచ్చి కూర్చున్న కాసేపటికి మొదటి గదిలో చిన్న అక్షరాలు కదిలాయి. మా వైపు పిల్లగాళ్లు ఈలలు వేశారు. నేను చేయెత్తి వాళ్లను ఆపి, అసలు సంగతి రెండో గదిలో ఉంది, చూడండి అన్నాను. చూశారు. నేనూ చూశాను. రెండో గదిలో కూడా చిన్న అక్షరాలు పుట్టుకొచ్చి తల్లుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి.

మా అక్క పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ, "మొగది లేదంటివి గద సారూ, మరి పిల్లలెట్లయినయి?" అని నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఏదో పొరపాటు జరిగిందన్నాను. గోడను మళ్లీ చూపించాను. మొదటి నుంచి మళ్లీ నడిపించాను. మళ్లీ అంతే. అప్పుడు మా బావ లేచాడు. ఆ పెద్దమనిషి ధర్మం తప్పలేదని చెప్పాలి. "ఆగుండ్రి. ఆయన లెక్క తప్పిందని నవ్వకుండ్రి. కండ్లనీళ్లు గూడ గోడ దాటి పోవు గద. అట్లయితే నా మాట గూడ తప్పే అయితది." నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ క్షణం నేను నోరు తెరిచి, అవును, ఇద్దరి మాటా తేలలేదు అని ఉంటే సరిపోయేది. నేను మాటలు వెతుక్కుంటుండగానే ఆ ముసలమ్మ మళ్లీ అందుకుంది.

"నీళ్లు పోవు గని, కూత పోతది గద? గోడ అవుతల కూసినా ఇనబడ్తది."

ఒక్కసారిగా హాలంతా వెలిగినట్టయింది. అవును, కూత! వాన ముందు నెమలి కూస్తే మైలు దూరం వినపడుతుంది, గోడ ఒక లెక్కా? మగ నెమలి కూత విని ఆడ నెమలికి గర్భం నిలుస్తుంది, సారే కంప్యూటరులో చూపించాడు, రెండుసార్లు చూపించాడు. మా బావ కళ్లలో నీళ్లు తిరిగాయి, కన్నీళ్ల కంటే కూత ఇంకా పవిత్రం కదా, నాదబ్రహ్మ కదా. ఒక మూఢనమ్మకాన్ని కూల్చడానికి పోయి, దాని స్థానంలో గట్టి పునాదితో కొత్తదాన్ని కట్టి, దానికి నా ప్రొజెక్టరు వెలుగుతో ముద్ర వేసి వచ్చాను.

చేతులెత్తించారు. గది భజన మండలికి అన్నవాళ్ల చేతులు లేస్తుంటే నేను ఆడవాళ్ల వైపు చూశాను. చాప మీద నాతో అక్షరాలు దిద్దిన వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని మా అక్క వైపు చూశారు. మా అక్క చెయ్యి ఎత్తింది. బావ వైపుకు. సామాను సర్దుతుంటే దగ్గరికి వచ్చి, నేనేమీ అడగకముందే చెప్పింది. "నువ్వే గద చెప్పినవ్ తమ్మీ, ఎవరు చెప్పినా ఇనొద్దు, కండ్లతోని చూసిందే చెప్పుమని. మూసిన అర్రల పిల్లలైనయి. చూసిన్నాయె." ఆ గది పోతే ఎక్కువ నష్టం ఆమెకే. తెలిసే ఎత్తింది. నా శిష్యుల్లో నేను చెప్పిన సూత్రాన్ని సొంత నష్టానికి కూడా వెరవకుండా పాటించింది ఆమె ఒక్కతే, ఆ సూత్రం ప్రకారం ఓడిపోవలసిన వాణ్ని నేను.

కొన్నాళ్లకు ఆ ఆట ఆడేవాళ్లు ఇంటర్నెట్టులో రాసుకున్న మాటలు వెతికితే సంగతి తెలిసింది. ఆ ఆటలో మగ పక్షి ఆడదాని దగ్గరికి పోనే అక్కర్లేదు, కోటలో ఎక్కడో ఒకచోట బతికుంటే చాలు, గుడ్లు పిల్లలవుతాయి. తయారుచేసినవాళ్లు అంతవరకే రాసి వదిలేశారు. వేళ్లకు, పళ్లకు లెక్క ఉన్న లోకంలో దీనికి లెక్క లేదు. నేను ప్రకృతి అనుకున్నది ఎవరో మనిషి తీరిక ఉన్నంత మేరకు ఊహించి రాసిన పుస్తకం. బావ పుస్తకం లాంటిదే. పరుగున ఊరికి పోయి హాలు ముందు నలుగురిని పోగుచేసి చెప్పాను. బావ జాలిగా నా భుజం మీద చెయ్యి వేశాడు. "సాక్షిని తెచ్చింది నువ్వే. నీకు కలిసిరాకపోతే సాక్షి అబద్ధం జెప్పిండంటవ్. అట్లైతే ఎట్ల బామ్మర్దీ?" అదే మాట ఎన్ని సభల్లో నేను ఎదుటివాళ్లను అన్నానో!

చదువు మా అక్క ఇంటి వసారాలో సాగిద్దామనుకున్నాం. కొన్ని ఆదివారాలు చాప పరిచి కూర్చున్నాం, మెల్లగా ఎవరూ రాలేదు. పిలిస్తే ఏదో ఒక పని చెప్పేవారు. నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. అది మా అక్క ఇల్లు. ఏ ఇంటి గడప ఎవరు తొక్కుతారో, ఎవరు బయటే నిలబడతారో ఊళ్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఎరువుల వాసన వేసే ఆ గది ఎవరిదీ కాదు, అందుకే అందరూ వచ్చారు. కులం మీద అన్ని వ్యాసాలు రాసిన నేను, నా చేతిలో ఉన్న ఆ గది విలువను ఒక పందెంలో ఒడ్డడానికి ముందు గ్రహించలేదు.

మొన్న గద్వాల నుంచి తిరుగు ప్రయాణంలో, కూతురి ఇంటికి వచ్చి ఉన్న అక్కను వాళ్ల ఊళ్లో దించడానికి ఆమెతోపాటే ధరూరు ఆటో ఎక్కాను. ఆ ఊరి బస్సు కోసం కాసేపు నిలబడ్డాం కానీ అది రాలేదు. నిలబడ్డంతసేపు ఆమె ప్రతి బస్సు బోర్డునూ పెదవులు కదిలిస్తూ చదవబోయి, ఒత్తు ఉన్నచోట ఆగిపోయి, పక్కవాళ్లను అడిగింది. ఒత్తులు మొదలుపెట్టే ముందే గది పోయింది మరి. ఆటోలో పత్తి చేనుకు పోయే ఆడవాళ్లు, మబ్బు పట్టింది, ఎక్కడో నెమలి అరిచింది. ఒకామె నవ్వుతూ పక్కామెతో, మగదాని కూత వింటేనే ఆడ నెమలికి కడుపు నిలుస్తుందట, కంప్యూటరులో కూడా రుజువైందట, ఎవరో సారు చూపించాడట అన్నది. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. మా అక్కే ఆగలేకపోయింది.

"గా సారు వీడే. మా తమ్ముడు."

"పో అక్కా! గా సారు ఇంత లావుండేనంట, కోటు తొడుక్కొచ్చిండంట."

"వీడేనే. కోటు యాడిది, అంగీ గూడ చినిగుండె ఆనాడు."

అందరూ నవ్వారు. ఆటోలో ఇరుకున కూర్చున్నామె నా వైపు వంగి, "నిజంగనా అన్నా? మరి కూతకు గాకపోతే ఎట్లయితదంటవ్? నువ్వెన్నడన్న చూసినవా?" అని అడిగింది. అడిగిన తీరులో వెటకారం లేదు. చూడలేదమ్మా, చదివాను, అంతే అన్నాను. నెమళ్లు తిరిగే నేల మీద పుట్టి, వాటి కోసం సభలు పెట్టి, లేని నెమళ్లను తెర మీద పెంచి, ఒక్క వానాకాలమైనా చేను గట్టున కూర్చుని అవి ఏం చేస్తాయో చూడలేదు. ఆమె తల ఊపింది. ఇంకేదో అడగబోయింది కానీ వాళ్ల చేను వచ్చింది, ఆటో ఆగింది, అందరూ గబగబా దిగిపోయారు. ఆ ప్రశ్నకు నేను పూర్తిగా జవాబు చెప్పవలసి ఉండె, ఎట్లా తప్పానో మొదటి నుంచి చివరి దాకా, ఆట సంగతి, గోడ సంగతి అన్నీ. దానికి మధ్యాహ్నమంతా పట్టేది.

మా బావ ఇప్పుడు భజనలకు పోవడం లేదు, గొంతు పోయింది. ఆ గదికి తాళం వేసి ఉంది, భజన పాటలు ఎవరి ఫోనులో వాళ్లు వింటున్నారు. నమ్మకాలు కూడా ఎవరి ఫోనులోకి వాళ్లకే వస్తున్నాయి, వాటిని కాదనడానికి ఎవరి ఎదురుగా పోయి నిలబడాలో తెలియదు. నేను ఓడిపోయిన రోజున కనీసం ఊరంతా ఒకచోట కూర్చుంది, నా ఓటమిని అందరూ కలిసి చూశారు, నన్ను ఓడించినవాడు తన పంచె ఇచ్చాడు. సిగ్గుతో తలెత్తలేకపోయిన ఆ మధ్యాహ్నం కోసం ఇట్లా బెంగపడతానని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే, రుజువు చూపించమని అడిగి ఉండేవాణ్ని.